పదమూడేళ్ల సంతకం: హాకీ జట్ల జమాఖర్చులు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల మొదటిరోజు సాయంత్రం చేసిన ప్రసంగ పాఠం)



నెల కిందట కార్యదర్శిగారు ఫోన్ చేసి, "పద్దులు చూడటమే వృత్తిగా బతుకుతున్నావు కదా, మనవాళ్లకు పనికొచ్చేది ఓ ఇరవై నిమిషాలు మాట్లాడు. ఆదాయపు పన్ను గురించి మాత్రం వద్దు, భోజనాలకు ముందే సభ ఖాళీ అవుతుంది" అన్నారు. అందుకని ఆటల గురించి మాట్లాడతాను. ఆట కంటే కూడా, ఆట వెనకున్న పద్దుల గురించి. రేపు ఉదయం మన సర్వసభ్య సమావేశంలో ఒక పెద్ద తీర్మానం ఉంది. దానికీ ఈ కథకూ సంబంధం ఉంది. అదేమిటో చివర్లో చెబుతాను.

హాకీ అనగానే మనకు ధ్యాన్‌చంద్ గుర్తొస్తారు, పచ్చని మైదానం కళ్లముందు కనిపిస్తుంది. నేను చెప్పేది మంచు మీద ఆడే హాకీ. కాళ్లకు స్కేట్లు కట్టుకుని గడ్డకట్టిన నేలమీద జారుతూ, బంతికి బదులు పక్ అనే నల్లటి రబ్బరు బిళ్లను కర్రతో కొడతారు. ఒక్కో పక్షాన గోల్‌కీపర్‌తో కలిపి ఆరుగురు బరిలో ఉంటారు. ఉత్తర అమెరికాలో దీనికి నేషనల్ హాకీ లీగ్ అని 1917లో పుట్టిన సంస్థ ఉంది. ఇప్పుడు అందులో 32 జట్లు. 25 అమెరికాలో, 7 కెనడాలో. నేనుండేది మిన్నెసోటా రాష్ట్రంలోని సెయింట్ పాల్‌లో. చలికాలం అక్కడి చెరువులన్నీ గడ్డకడతాయి. కోతలైన చేలల్లో మనం క్రికెట్ ఆడినట్టు అక్కడి పిల్లలు ఆ చెరువుల మీద హాకీ ఆడతారు. మా ఊరి జట్టు పేరు మిన్నెసోటా వైల్డ్.

ఆఫీసులో భోజనాల దగ్గర అందరూ మాట్లాడుకునేది ఈ జట్టు గురించే. ఎవరు ఎన్ని గోల్స్ కొట్టారన్నది ఎంత మాట్లాడతారో, ఎవరి ఒప్పందం ఇంకా ఎన్నేళ్లుంది, ఎంత బాకీ ఉంది అన్నది కూడా అంతే మాట్లాడతారు. ఆట నియమాలు నాకు మెల్లగా ఒంటబట్టాయిగానీ, ఒప్పందాల సంగతి మొదటిరోజే అర్థమైంది. ఎందుకంటే అవి మన కౌలు కాగితాల లాంటివి.

మన ఊళ్లలో పొలం రెండు రకాలుగా ఇస్తారు. ఎకరానికి ఇన్ని బస్తాలని ముందే ఖాయం చేసుకోవడం ఒకటి. వానలు పడకపోయినా, తుపానుకు చేను పడిపోయినా ఆ బస్తాలు కొలవాల్సిందే. పండినదాంట్లో చెరిసగం అనుకోవడం రెండోది. పండితే ఇద్దరికీ ఉంటుంది, పోతే ఇద్దరికీ పోతుంది. హాకీ జట్లు మొదటి పద్ధతిలో అప్పులపాలై, ఎంతో గొడవపడి రెండో పద్ధతికి వచ్చాయి. వచ్చాక కూడా కొన్ని జట్లు పాత రకం కాగితాలే కొత్త పేరుతో రాసుకుని దెబ్బతిన్నాయి.

ముందు జట్టుకు డబ్బు ఎలా వస్తుందో చూద్దాం. టికెట్లు, హాల్లో అమ్మే తిండి, పార్కింగు, టీవీ హక్కులు, ప్రకటనలు. అమెరికన్ ఫుట్‌బాల్‌కు టీవీ డబ్బు వరదలా వస్తుంది. హాకీకి అంత రాదు. అందుకని టికెట్ల మీద ఆధారం ఎక్కువ. ఇంకో చిత్రమైన సంగతి ఉంది. ఆటగాళ్ల జీతం లీగ్ దశ ఆటలకే. ఆ తర్వాత జరిగే ప్లేఆఫ్ ఆటలకు లీగ్ ఇచ్చే బహుమతి నిధి తప్ప జట్టు విడిగా జీతం ఇవ్వదు. కాబట్టి ప్లేఆఫ్‌లో సొంతగడ్డ మీద ఆడే ప్రతి ఆటా యజమానికి దాదాపు మిగులే. ప్లేఆఫ్‌కు వెళ్తే ఏడాది గట్టెక్కుతుంది, లేకపోతే నష్టం. అంటే ఆదాయం గెలుపోటముల మీద, వాతావరణం మీద, ఊరి ఆర్థిక పరిస్థితి మీద ఊగుతూ ఉంటుంది.

ఖర్చు మాత్రం ఊగదు. ఈ లీగ్‌లో ఆటగాడితో ఒప్పందం రాసుకుంటే అది హామీతో కూడినది. ఆట తగ్గిందని పంపేయాలంటే మిగిలిన జీతంలో మూడింట రెండు వంతులు ఇవ్వాలి. అతడికి 26 ఏళ్లు నిండకపోతే మూడో వంతు. ఆ సొమ్మును మిగిలిన ఏళ్లకు రెట్టింపు ఏళ్లలో కట్టాలి. దీన్ని బయౌట్ అంటారు. గాయమై మంచానపడినా జీతం ఆగదు. ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అన్నట్టు. పెద్ద ఒప్పందాలకు బీమా చేస్తారు, నిజమే. ఆ బీమా గాయానికి వర్తిస్తుంది. ముప్ఫై అయిదేళ్లు వచ్చి కాళ్లలో వేగం తగ్గిందంటే ఏ బీమా కంపెనీ డబ్బివ్వదు. ఈ ఆటలో అసలు నష్టం ఎక్కువగా వచ్చేది అక్కడే.

ఇప్పుడు పాత కథల్లోకి వెళ్దాం. పిట్స్‌బర్గ్ పెంగ్విన్స్ అని ఒక జట్టుంది. 1991లో, 1992లో వరుసగా లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలిచింది. వాళ్ల నాయకుడు మారియో లెమ్యూ, ఈ ఆట ఆడిన మహామహుల్లో ఒకడు. గెలిచిన ఆటగాళ్లను వదులుకోలేక యజమానులు పెద్ద పెద్ద ఒప్పందాలు రాశారు. చేతిలో డబ్బు లేక, "ఇప్పుడు కొంత, మిగతాది తర్వాత" అని జీతాలు వాయిదా వేశారు. 1998లో జట్టు దివాలా పిటిషన్ వేసింది. అప్పులవాళ్ల జాబితాలో అందరికంటే పైన ఉన్న పేరు లెమ్యూదే. అతడికి రావాల్సిన జీతం బాకీ సుమారు 3 కోట్ల 25 లక్షల డాలర్లు. అప్పటికి అతడు ఆట మానేసి ఏడాదైంది. చివరికి 1999లో అతడు ఆ బాకీలో ఎక్కువ భాగాన్ని వాటాగా మార్చుకుని, ఇంకొందరిని కలుపుకుని జట్టునే కొనుక్కున్నాడు. జీతం రాని పనివాడు దుకాణానికి యజమాని అయిన కథ ఇది. అలా చేయగలిగేవాళ్లు ఎందరుంటారు? లెమ్యూ ఆ పని చేయకపోతే పిట్స్‌బర్గ్‌లో ఆ జట్టు మిగిలేదో లేదో.

కొలరాడో జట్టుది ఇంకో రకం ఇబ్బంది. 1997లో వాళ్ల కెప్టెన్ జో సాకిక్‌కు న్యూయార్క్ రేంజర్స్ మూడేళ్లకు 2 కోట్ల 10 లక్షల డాలర్లు ఇస్తామంది. అందులో కోటీ 50 లక్షలు సంతకం పెట్టగానే చేతిలో పెట్టాలి. అంత నగదు కొలరాడో ఒక్కసారిగా తేలేదని వాళ్ల లెక్క. పాత జట్టు అదే మొత్తం ఇస్తే ఆటగాణ్ణి ఉంచుకోవచ్చని నియమం. కొలరాడో ఇచ్చింది, ఉంచుకుంది. ఆ జట్టు మాతృసంస్థకు ఒక సినిమా నిర్మాణ సంస్థ కూడా ఉండేది. ఆ వేసవిలో వాళ్ల సినిమా ఎయిర్ ఫోర్స్ వన్ బాగా ఆడింది కాబట్టి గండం గడిచిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. పక్కింటి ధనవంతుడు ధర పెంచితే మన ఇంటి జమాఖర్చు ఎలా తలకిందులవుతుందో చెప్పడానికి ఇది చాలు.

కెనడా జట్లకు మరో గుదిబండ ఉంది. టికెట్లు కెనడా డాలర్లలో అమ్ముతారు, ఆటగాళ్ల జీతాలు అమెరికా డాలర్లలో ఇస్తారు. 2002 మొదట్లో కెనడా డాలరు విలువ అమెరికా సెంట్లలో 62 దగ్గరికి పడిపోయింది. అంతకుముందే 1995లో క్యుబెక్ జట్టు డెన్వర్‌కు, 1996లో విన్నిపెగ్ జట్టు ఫీనిక్స్‌కు తరలిపోయాయి. ఇందాక చెప్పిన కొలరాడో జట్టు ఆ క్యుబెక్ జట్టే. 2003 జనవరిలో ఒట్టావా సెనేటర్స్ దివాలా రక్షణ కోరింది. హాలు కట్టిన అప్పు, మారకపు రేటు, జీతాలు మూడూ కలిసి మెడకు చుట్టుకున్నాయి. ఆ ఏడాది లీగ్ దశలో అందరికంటే ఎక్కువ పాయింట్లు సాధించిన జట్టు ఒట్టావానే. ఆటలో మొదటి స్థానం, కోర్టులో దివాలా పిటిషన్, రెండూ ఒకే సీజన్‌లో.

లీగ్ తన పద్దుల్ని పరిశీలించమని ఆర్థర్ లెవిట్ అనే ఆయన్ని నియమించింది. అమెరికాలో షేర్ మార్కెట్లను పర్యవేక్షించే సంస్థకు పూర్వం ఛైర్మన్‌గా చేసినాయన. 2004లో ఆయన ఇచ్చిన నివేదిక ప్రకారం 2002-03 సీజన్‌లో జట్లన్నీ కలిపి 27 కోట్ల 30 లక్షల డాలర్లు నష్టపోయాయి. వచ్చిన ఆదాయంలో 75 శాతం ఆటగాళ్లకే పోయింది. ఆటగాళ్ల సంఘం ఈ లెక్క ఒప్పుకోలేదు. యజమానులు డబ్బిచ్చి చేయించిన లెక్క కదా అంది. పద్దులు చూసేవాడిగా ఆ అనుమానం సహజమేనంటాను. కానీ మూడు నాలుగు జట్లు కోర్టు గుమ్మం ఎక్కిన మాట మాత్రం ఎవరూ కాదనలేరు.

తర్వాత ఏం జరిగింది? జ్యూటు మిల్లుల దగ్గర పెరిగినవాళ్లకు లాకౌట్ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. 2004-05 సీజన్ మొత్తం లాకౌట్‌లో కొట్టుకుపోయింది. ఒక్క ఆట జరగలేదు. స్టాన్లీ కప్ ఎవరికీ ఇవ్వని ఏడాది అంతకుముందు 1919 ఒక్కటే. అప్పుడు ఇన్‌ఫ్లూయెంజా మహమ్మారి అడ్డొచ్చింది. ఈసారి అడ్డొచ్చింది డబ్బు. యజమానులకు టికెట్లు పోయాయి, ఆటగాళ్లకు ఏడాది జీతం పోయింది. వాళ్ల మధ్యలో హాళ్లలో తిండి అమ్మేవాళ్లు, టికెట్లు చింపేవాళ్లు, మంచు చదును చేసే యంత్రాలు నడిపేవాళ్లు పనిలేకుండా కూర్చున్నారు. వాళ్ల పేర్లు ఏ ఒప్పందంలోనూ లేవు.

లాకౌట్ ముగిశాక చెరిసగం పద్ధతి లాంటిది వచ్చింది. జట్టు మొత్తం జీతాలకు ఒక పరిమితి పెట్టారు, దాన్ని శాలరీ క్యాప్ అంటారు. 2005-06లో అది 3 కోట్ల 90 లక్షల డాలర్లు. 2025-26 సీజన్‌లో 9 కోట్ల 55 లక్షలు. లీగ్ ఆదాయంలో ఆటగాళ్ల వాటా ఇంత అని ఖాయం చేశారు. 2013 నుంచి అది సగం. ఆటగాళ్ల జీతంలో కొంత ఎస్క్రో అని పక్కన పెడతారు. సీజన్ అయ్యాక, నూర్పిళ్లయ్యాక కళ్లంలో కొలుచుకున్నట్టు, అసలు ఆదాయం లెక్కతేల్చి ఎవరికి రావాల్సింది వాళ్లకు ఇస్తారు. కోవిడ్ వచ్చి హాళ్లు మూతపడినప్పుడు ఈ ఏర్పాటే చాలా జట్లను నిలబెట్టింది. 2019-20 నుంచి మూడు సీజన్ల పాటు క్యాప్ 8 కోట్ల 15 లక్షల దగ్గరే ఆగిపోయింది.

ఇంతటితో కథ సుఖాంతం కావాలి. కాలేదు. నియమం ఎక్కడుంటే దాని పక్కనే సందు ఉంటుందని ఆడిటర్లకు తెలుసు. ఇక్కడ దొరికిన సందు ఇది. క్యాప్‌లో లెక్కించేది ఆ ఏడాది ఇచ్చిన జీతం కాదు, మొత్తం ఒప్పందాన్ని ఏళ్లతో భాగిస్తే వచ్చే సగటు. కాబట్టి ఒప్పందం ఎంత పొడవైతే సగటు అంత తగ్గుతుంది. మొదట్లో పెద్ద జీతం ఇచ్చి, చివర నాలుగైదేళ్లు నామమాత్రపు జీతం రాస్తే కాగితం మీద ఆటగాడు చవకగా కనిపిస్తాడు.

న్యూయార్క్ ఐలాండర్స్ 2006లో రిక్ డిపియెట్రో అనే గోల్‌కీపర్‌తో 15 ఏళ్లకు 6 కోట్ల 75 లక్షల డాలర్ల ఒప్పందం రాసుకుంది. ఏడాదికి 45 లక్షలు. మంచి గోల్‌కీపర్‌కు అది ఎక్కువేమీ కాదు. అప్పుడతనికి పాతికేళ్లు కూడా నిండలేదు. రెండేళ్లు చక్కగా ఆడాడు. తర్వాత తుంటి, మోకాలు, ఒకదాని వెంట ఒకటి గాయాలు. తర్వాతి అయిదు సీజన్లలో కలిపి అతడు ఆడినవి 50 ఆటలు. 2013లో జట్టు అతన్ని బయౌట్ చేసింది. మిగిలిన 8 ఏళ్లకు 3 కోట్ల 60 లక్షలు. అందులో మూడింట రెండు వంతులంటే 2 కోట్ల 40 లక్షలు. 16 ఏళ్లకు పంచితే ఏటా 15 లక్షల డాలర్లు. 2029 దాకా కడుతూనే ఉండాలి. పాపం ఆ కుర్రాడి తప్పేమీ లేదు. ఒళ్లు దాచుకుని ఆడినవాడు కాదు. పదిహేనేళ్ల తర్వాత ఒక మనిషి మోకాలు ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేరు, ఆ సంగతి మీద సంతకం పెట్టారు, అంతే. అదే జట్టు 2001లో అలెక్సీ యాషిన్‌కు పదేళ్లకు 8 కోట్ల 75 లక్షలు రాసిచ్చి 2007లో బయౌట్ చేసింది. ఆ పాత బాకీ ఇంకా తీరకముందే ఈ కొత్త బాకీ మొదలైంది.

2010లో న్యూజెర్సీ డెవిల్స్ ఇంకో అడుగు ముందుకేసి ఇల్యా కోవల్‌చుక్‌తో 17 ఏళ్లకు 10 కోట్ల 20 లక్షలకు ఒప్పందం కుదుర్చుకుంది. అది పూర్తయ్యేసరికి అతనికి 44 ఏళ్లు. ఇది క్యాప్‌ను తప్పించుకునే ఎత్తని లీగ్ కొట్టేసింది, మధ్యవర్తి కూడా లీగ్ మాటే సరన్నాడు. మళ్లీ 15 ఏళ్లకు 10 కోట్లని రాసుకున్నారు. 2013లో, ఇంకా 12 ఏళ్లు మిగిలుండగానే, అతడు రిటైర్మెంట్ ప్రకటించి రష్యా వెళ్లి అక్కడ ఆడుకున్నాడు. అంటే పొడవైన ఒప్పందం యజమానిని కట్టేసినంతగా ఆటగాణ్ణి కట్టేయలేదు.

ఇక మా ఊరి కథ. 2012 జులై 4, అమెరికా స్వాతంత్ర్య దినోత్సవం. ఆరోజు మిన్నెసోటా వైల్డ్ జాక్ పరీసే, రయాన్ సూటర్ అనే ఇద్దరితో చెరో 13 ఏళ్లకు, చెరో 9 కోట్ల 80 లక్షల డాలర్లకు సంతకాలు చేయించుకుంది. ఇద్దరికీ 27 ఏళ్లు. పరీసే మిన్నెసోటాలో పుట్టినవాడే. ఊళ్లో పండగ. సీజన్ టికెట్ల కోసం జనం ఎగబడ్డారు. అదే సెప్టెంబరులో, జీతాలు భరించలేకపోతున్నామంటూ లీగ్ యజమానులంతా మళ్లీ లాకౌట్ ప్రకటించారు. జులైలో రాసిన చేతులే సెప్టెంబరులో తాళాలు వేశాయి.

పరీసే జీతం పట్టిక చూడండి. మొదటి రెండేళ్లు కోటీ 20 లక్షల చొప్పున, మూడో ఏడు కోటీ 10 లక్షలు. చివరి మూడేళ్లు 20 లక్షలు, 10 లక్షలు, 10 లక్షలు. సగటు మాత్రం 13 ఏళ్లూ సుమారు 75 లక్షలు. ఇద్దరూ బాగానే ఆడారు. జట్టు ప్లేఆఫ్‌కు తరచూ వెళ్లింది, రెండో రౌండు మాత్రం ఎప్పుడూ దాటలేదు. 2021లో, ఇంకా నాలుగేళ్లుండగా, ఇద్దర్నీ బయౌట్ చేశారు. ఒక్కొక్కరికి ఇవ్వాల్సిన మిగిలిన జీతం కోటి డాలర్లే. అందులో మూడింట రెండు వంతులంటే దాదాపు 67 లక్షలు, ఎనిమిదేళ్లలో. నగదుగా చూస్తే పెద్ద భారం కాదు.

మరి భారం ఎక్కడొచ్చింది? మొదటి ఏళ్లలో సగటుకంటే ఎక్కువ ఇచ్చి తక్కువ చూపించారు కదా, ఆ తేడా క్యాప్ లెక్కలో ఇప్పుడు తిరిగొచ్చింది. జట్టులో లేని ఇద్దరు మనుషుల పేరుమీద 2022-23లో కోటీ 27 లక్షలు, 2023-24లో, 2024-25లో కోటీ 47 లక్షల చొప్పున క్యాప్ నుంచి కోత పడింది. మా ఆఫీసులో దీన్ని డెడ్ క్యాప్ అనేవాళ్లు. చింత చచ్చినా పులుపు చావదన్న మన సామెతను నేను వాళ్లకు వివరించి చెప్పాను, బాగా నచ్చింది. పక్క జట్లు 8 కోట్ల 80 లక్షలతో ఆడుతుంటే మా జట్టు 7 కోట్ల 33 లక్షలతో ఆడింది. నాలుగు సీజన్లలో మూడుసార్లు ప్లేఆఫ్ మొదటి రౌండులోనే ఓడింది, ఒకసారి అక్కడిదాకా కూడా వెళ్లలేదు.

ఆ నాలుగేళ్లూ ఎవరు భరించారని నేను గమనించాను. పరీసే, సూటర్లకు రావాల్సింది వచ్చింది. యజమాని హాలు నిండుతూనే ఉంది. సరైన జీతం దొరక్క వేరే ఊళ్లకు వెళ్లిపోయినవాళ్లు నడిమి తరగతి ఆటగాళ్లు. ఏడాదికి ఇరవై, ముప్ఫై లక్షల డాలర్ల స్థాయి వాళ్లు. హాకీ బతుకు చిన్నది. వాళ్లలో చాలామందికి అదే చివరి మంచి ఒప్పందం కావచ్చు. ఎప్పుడో 2012లో ఇద్దరు మనుషులకు ఇచ్చిన మాటకు, అప్పుడు బడిలో చదువుకుంటున్న కుర్రాళ్లు పదేళ్ల తర్వాత బకాయి కట్టారు.

ఇందులో ఆటగాళ్లను ఆశపోతులనడం న్యాయం కాదు. పళ్లూడిపోయేలా, ఎముకలు విరిగేలా ఆడే ఆట. ముప్ఫై అయిదు దాటితే ఆడేవాళ్లు అరుదు. ఇస్తానన్నవాడి దగ్గర పుచ్చుకోవడం తప్పు కాదు. పొడవైన ఒప్పందాలన్నీ చెడిపోతాయనీ అనను. కుర్రవాడిగా ఉన్నప్పుడే ఏడెనిమిదేళ్లకు రాసుకుంటే, క్యాప్ పెరిగేకొద్దీ అదే చవక బేరమైన సందర్భాలూ ఉన్నాయి. ప్రమాదం ఎక్కడుందంటే, ఏడాది జీతం తక్కువగా కనిపించడం కోసం గడువును పెంచడంలో. నెలవాయిదా తక్కువని పదిహేనేళ్ల అప్పుకు సంతకం పెట్టే మనిషి చేసే పనే అది. వాయిదా చూస్తాడు, ఏళ్లు లెక్కపెట్టడు.

లీగ్ మెల్లగా పాఠం నేర్చుకుంది. 2013 నుంచి సొంత ఆటగాడికైతే 8 ఏళ్లు, బయటివాడికైతే 7 ఏళ్లు మించి రాయకూడదన్నారు. 2025లో కుదిరిన కొత్త ఒడంబడికలో అది 7, 6 ఏళ్లకు తగ్గింది. 2026 సెప్టెంబరు నుంచి అమలు. యజమానులు తమ చేతులను తామే కట్టేసుకున్నారన్నమాట. మరి మా ఊరి జట్టు? పెద్ద కోత అలా ముగిసిందో లేదో, 2025 సెప్టెంబరు 30న కిరిల్ కప్రిజోవ్‌తో 8 ఏళ్లకు 13 కోట్ల 60 లక్షల డాలర్లకు సంతకం చేయించింది. ఈ లీగ్ చరిత్రలో అంత పెద్ద ఒప్పందం ఇంతకుముందు లేదు. ఈసారి సగటు దాచడానికి గడువు సాగదీయలేదు. క్యాప్ కూడా పెరుగుతోంది. లెక్క బాగానే ఉన్నట్టుంది. అయినా అతని మోకాలి మీద, ఊరి జేబు మీద ఎనిమిదేళ్ల నమ్మకం పెట్టుకున్నట్టే.

మన దేశంలో హాకీ ఇండియా లీగ్ 2013లో మొదలై 2017లో ఆగి, 2024 డిసెంబరులో మళ్లీ మొదలైంది. ఆ తిరిగొచ్చిన సీజన్‌లో హైదరాబాద్ తూఫాన్స్ ఫైనల్‌కు వెళ్లింది, విశాఖ పేరుమీద గోనాసిక జట్టు ఆడింది. పురుషుల జట్టు ఒక్కొక్కటి వేలంలో పెట్టగలిగింది 4 కోట్ల రూపాయలే. మంచు హాకీ లెక్కలతో పోలిస్తే అది చిల్లర. అయినా ఏడేళ్లు లీగ్ ఆగిపోతే ఆ ఏడేళ్లలో మన కుర్రాళ్లు పోగొట్టుకున్నది చిల్లర కాదు. జట్లు దీపావళి మతాబాలా వెలిగి ఆరిపోవడం కంటే చిన్న దీపంలా రోజూ వెలగడం వాళ్లకు కావాలి.

ఇక మన తీర్మానం సంగతి. స్వర్ణోత్సవ నిధి నుంచి మన బడిలో లెక్కలకు, సైన్సుకు ఇద్దరు టీచర్లను పదేళ్లపాటు సంఘం జీతంతో పెట్టాలని, ఏటా పదిమంది పిల్లలను ఇంటర్ నుంచి డిగ్రీ దాకా చదివించాలని ప్రతిపాదన. చప్పట్లు కొట్టి ఒప్పుకోవాల్సిన తీర్మానమే. నేనూ చేయి ఎత్తుతాను. అయితే దానికి మూడు సవరణలు అడుగుతాను.

మొదటిది. ఒక అమ్మాయిని ఇంటర్‌లో తీసుకుంటే ఆమె డిగ్రీ పూర్తయ్యేదాకా అయ్యే మొత్తం ఆరోజే బ్యాంకులో ఆమె పేరుమీద పక్కన పెట్టాలి. మనకిచ్చిన మాట పోతే మనకు తలవంపు, అంతే. ఆ పిల్లకు రెండో ఏడాది మధ్యలో ఫీజు ఆగితే చదువే ఆగిపోతుంది. రెండోది. ఏటా ఎంతమందిని తీసుకోవాలన్నది ఆ ఏడాది వసూలైన దాన్నిబట్టి తేల్చాలి. పది రాసి ఆరుగురిని మధ్యలో వదిలేయడం కంటే, నలుగురని రాసి నలుగురినీ గట్టెక్కించడం మేలు. మూడోది. టీచర్లకు పదేళ్ల హామీ పత్రం ఇవ్వొద్దు. రెండేళ్లకు ఇద్దాం, ఆ రెండేళ్ల జీతం ముందే జమచేసి ఇద్దాం. రెండేళ్లయ్యాక నిధి చూసుకుని మళ్లీ రెండేళ్లు. పదేళ్లకని ఆశపెట్టి నాలుగో ఏడు చేతులెత్తేస్తే, మనల్ని నమ్మి వేరే ఉద్యోగం వదులుకున్న మనిషి ఎక్కడికి పోతాడు?

ఈ పండగ ఉత్సాహంలో ఇస్తున్న విరాళాలు పదేళ్లూ ఇలాగే వస్తాయని మనలో ఎవరూ సంతకం పెట్టలేరు. మనకూ వయసొస్తుంది, కొన్ని చేతులు ఆగిపోతాయి. అప్పుడు కూడా నిలబడే మాట ఇద్దాం. మన లెక్కల మాస్టారు బోర్డు మీద సమాధానం రాసి ఊరుకునేవారు కాదు, "సరిచూశావా?" అని అడిగేవారు. రేపు చేతులెత్తే ముందు మనమంతా ఒకసారి సరిచూసుకుందాం.

 భోజనాలు సిద్ధమయ్యాయట.